క్లచ్ ఎంత గట్టిదైతే అంత మంచిదా? రోడ్డు మీద తిరిగే డ్రాగ్ కారుకి సరైన క్లచ్ ఏది?

పోయిన ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకున్నాం కదా. అప్పటి నుంచి మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నా కారు 450 హార్స్‌పవర్. ఆఫీసుకి వెళ్లేదీ అదే, శనివారం డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్లేదీ అదే. క్లచ్ మార్చాలి, ఏది వేయమంటావ్?" ఈ రోజు దానికే జవాబు. కంపెనీ పేరు చెప్పేసి చేతులు దులుపుకోను. మీ కారుకి ఏది సరిపోతుందో మీరే లెక్క వేసుకునేలా చెప్తాను.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్ల కోసం ముందు ఒక్క మాట. మేముండేది అమెరికాలో, డాలస్ దగ్గర. ఇక్కడ సొంత కారుని డ్రాగ్ స్ట్రిప్‌కి నడుపుకుంటూ వెళ్లి, టికెట్ కట్టి, పావు మైలు పరిగెత్తించి, మళ్లీ అదే కారులో ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. పావు మైలంటే 402 మీటర్లు. మాకు దక్షిణంగా ఎన్నిస్ ఊళ్లో 1986లో కట్టిన టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. అక్కడ ట్రాక్ మొత్తం కాంక్రీటే. ఇలా రోడ్డుకీ ట్రాక్‌కీ రెండింటికీ వాడే కారుకి క్లచ్ ఎంచుకోవడమే కష్టం. రేసుకి మాత్రమే వాడే కారుకైతే ఇంత తలనొప్పి లేదు.

ముందు మా రూమ్మేట్ కథ వినండి. కారు ఏ కంపెనీదో, క్లచ్ ఏ కంపెనీదో చెప్పను. తప్పు వాళ్లది కాదు, మాది. కారు దాదాపు 450 హార్స్‌పవర్. పాత క్లచ్ జారడం మొదలైంది. మావాడు నెట్‌లో వెతికి, 1000 హార్స్‌పవర్ వరకు పట్టుకుంటుందని రాసి ఉన్న క్లచ్ కొన్నాడు. నేనూ పక్కనే కూర్చుని "తీసుకో రా, పెద్దది తీసుకుంటే మళ్లీ మార్చక్కర్లేదు" అన్నాను. 4 ముక్కల సిరామిక్ ప్లేటు, మధ్యలో స్ప్రింగులు లేని హబ్.

షాపు నుంచి ఇంటికొచ్చేలోపు సిగ్నళ్ల దగ్గర 3 సార్లు ఇంజన్ ఆగిపోయింది. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో రివర్స్ తీస్తుంటే కారు ఎంత కుదిపేసిందంటే, వెనక సీట్లో పెట్టిన పాల క్యాను కింద పడింది. "రేసు కారంటే అంతే రా" అని సర్దిచెప్పుకున్నాం. ఆ శనివారం స్ట్రిప్‌కి వెళ్లాం. వెనక డ్రాగ్ స్లిక్స్ బిగించాం. లైట్ ఆకుపచ్చ అయింది. మావాడు 5,500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. టప్‌మని ఒక చప్పుడు. కారు ఒక అడుగు ముందుకు ఎగిరి ఆగిపోయింది. ఇంజన్ మాత్రం తిరుగుతోంది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ విరిగిపోయింది, ఫస్ట్ గేరు పళ్లు రాలిపోయాయి.

6 నెలలు దాచుకున్న డబ్బు ఒక్క చప్పుడుతో పోయింది. తర్వాత 3 వారాలు వాడిని నేనే ఆఫీసులో దింపాను. గేర్‌బాక్స్ దించినప్పుడు చూశాం, లోపల అన్నీ ముక్కలే. క్లచ్ మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఒక్క గీత లేదు. దాని పని అది బాగానే చేసింది. వేయకూడని చోట దాన్ని మేం వేశాం, అంతే.

ఇవాళ చెప్పే మాటలన్నీ ఒక్క ముక్కలోకి కుదిస్తే ఇది: క్లచ్ అంటే ఇంట్లో ఫ్యూజ్ లాంటిది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దాని బదులు మందపాటి రాగి తీగ చుట్టారనుకోండి. ఫ్యూజ్ పోదు, ఫ్రిజ్జే కాలిపోతుంది.

అసలు క్లచ్ ఏం చేస్తుందో చూద్దాం. ఇంజన్ చివర ఫ్లైవీల్ ఉంటుంది, అది ఇంజన్‌తోపాటే తిరుగుతుంది. దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేట్. ఈ రెండిటి మధ్య క్లచ్ ప్లేటు. ఈ ప్లేటు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద కూర్చుంటుంది. పెడల్ వదిలితే ప్రెషర్ ప్లేట్ దాన్ని ఫ్లైవీల్‌కి నొక్కిపెడుతుంది, అన్నీ కలిసి తిరుగుతాయి. పెడల్ నొక్కితే విడిపోతాయి. మధ్యలో సగం పట్టీ సగం పట్టకుండా ఉండే స్థితిని మనవాళ్లు హాఫ్ క్లచ్ అంటారు. ఫ్లైఓవర్ ఎక్కే చోట జామ్‌లో ఆగినప్పుడు మీరందరూ చేసేదే అది. డ్రాగ్ రేసు మొదటి సెకను కూడా, నిజం చెప్పాలంటే, చాలా బలంగా చేసే హాఫ్ క్లచ్చే.

ఇప్పుడు ఫ్యూజ్ మాట లెక్కతో చూద్దాం. భయపడకండి, గుణకారం వస్తే చాలు. 2011 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ తీసుకుందాం. 5 లీటర్ల వీ8 ఇంజన్, 412 హార్స్‌పవర్, టార్క్ 390 పౌండ్-ఫీట్, అంటే సుమారు 530 న్యూటన్ మీటర్లు. ఈ 530 ఇంజన్ మామూలుగా ఇచ్చేది. కానీ 5,500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్న ఫ్లైవీల్, క్రాంక్‌షాఫ్ట్ ఒక పెద్ద బొంగరం లాంటివి. వాటిలో శక్తి దాగి ఉంటుంది. క్లచ్ ఒక్కసారిగా పట్టుకుంటే ఆర్‌పీఎం 5,500 నుంచి 2,500కి పడిపోతుంది. బొంగరంలో ఉన్న శక్తి అంతా గేర్‌బాక్స్ మీద పడుతుంది.

ఎంత పడుతుంది? తిరిగే భాగాల జడత్వం 0.2 కిలో మీటర్ స్క్వేర్ అనుకుందాం. 3,000 ఆర్‌పీఎం తగ్గడమంటే సెకనుకి 314 రేడియన్లు తగ్గినట్టు. ఇది 0.3 సెకన్లలో జరిగితే అదనంగా పడే టార్క్ 209 న్యూటన్ మీటర్లు. 0.1 సెకనులో జరిగితే 628. 0.05 సెకనులో జరిగితే 1,256! ఇంజన్ ఇచ్చే 530కి ఇది అదనం. అంటే 530 టార్క్ ఇంజన్, కాలు తీసిన ఆ క్షణంలో గేర్‌బాక్స్‌ని 1,700 దాకా కొట్టగలదు.

ఇక్కడే క్లచ్ పాత్ర. క్లచ్ ఎంత పట్టగలదో అంతకు మించి గేర్‌బాక్స్‌లోకి వెళ్లదు. మీ క్లచ్ 700 వరకే పట్టగలిగితే, 700 దగ్గర జారుతుంది. మిగిలింది వేడిగా పోతుంది. మీ క్లచ్ 1,500 పట్టగలిగితే, 1,500 నేరుగా లోపలికి వెళ్తుంది. మావాడి ఇన్‌పుట్ షాఫ్ట్ విరిగింది అందుకే.

"అన్నా, నేను పెద్ద క్లచ్ వేశాను, ఏమీ విరగలేదే" అని మీలో కొందరు అంటారు. మీరు మామూలు రోడ్డు టైర్లు వాడుతున్నారు కాబట్టి విరగలేదు. ఆ మస్టాంగ్‌లో ఫస్ట్ గేరు 3.66, వెనక యాక్సిల్ 3.73 అనుకుంటే, 530 టార్క్ చక్రాల దగ్గరికి వచ్చేసరికి 7,200 దాటుతుంది. మామూలు టైరు అందులో సగానికే జారిపోతుంది. అంటే అక్కడ టైరే మీ ఫ్యూజ్. స్లిక్స్ వేసి, జిగురు చల్లిన ట్రాక్ మీదికి వెళ్లారనుకోండి, టైరు జారదు. క్లచ్ కూడా జారదు. మరి బలం ఎక్కడికి పోవాలి? గేర్‌బాక్స్, యాక్సిల్, డ్రైవ్ షాఫ్ట్, వీటిలో ఏది బలహీనమైతే అది పోతుంది. కాబట్టి క్లచ్ కొనేముందు హార్స్‌పవర్ ఎంత అని కాదు, ఏ టైర్లు వేస్తాను అని మొదట అడగండి.

సరే, క్లచ్ ఎంత పడుతుందనేది దేనిమీద ఆధారపడుతుంది? నాలుగే నాలుగు. ఒకటి, ప్లేటు మీద ఉన్న పదార్థం ఎంత గరుకు, అంటే ఘర్షణ గుణకం. రెండు, ప్రెషర్ ప్లేట్ ఎంత బలంగా నొక్కుతుంది. మూడు, ప్లేటు ఎంత పెద్దది. నాలుగు, ఎన్ని ముఖాలు రాసుకుంటున్నాయి. ఒక ప్లేటుకి రెండు వైపులా కలిపి 2 ముఖాలు, రెండు ప్లేట్లుంటే 4. ఈ నాలుగూ గుణిస్తే వచ్చేదే క్లచ్ సామర్థ్యం.

ఉదాహరణకి ఘర్షణ 0.27, నొక్కే బలం 9,000 న్యూటన్లు, 11 అంగుళాల ప్లేటుకి సగటు వ్యాసార్థం 0.111 మీటర్, 2 ముఖాలు. గుణిస్తే సుమారు 540 న్యూటన్ మీటర్లు. మన 530 ఇంజన్‌కి సరిగ్గా అంచు మీద ఉంది. దీన్ని పెంచాలంటే నాలుగు దారులు, ప్రతి దారికీ ఒక టోల్ గేటు ఉంది. అదేంటో చూద్దాం.

మొదటి దారి, నొక్కే బలం పెంచడం. అంటే గట్టి ప్రెషర్ ప్లేట్. ఖర్చు తక్కువ. కానీ ఆ బలాన్ని ప్రతిసారీ విడదీసేది మీ ఎడమ కాలు. ఆఫీసు విడిచే టైములో హైవే మీద గంటసేపు కారు పాకుతుంటే మోకాలు చెప్తుంది ఆ సంగతి. ఇంకో ఇబ్బంది బయటికి కనపడదు. మీరు పెడల్ నొక్కిన ప్రతిసారీ ఆ బలం క్రాంక్‌షాఫ్ట్‌ని ముందుకు తోస్తుంది. దాన్ని మోసేది థ్రస్ట్ బేరింగ్. అది అరిగిందంటే ఇంజన్ దించాల్సిందే. అందుకే గట్టి ప్రెషర్ ప్లేట్ ఉన్నవాళ్లు సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయడం అలవాటు చేసుకోండి.

రెండో దారి, గరుకు పదార్థం. ఇక్కడ నాలుగు రకాలు గుర్తుపెట్టుకోండి. ఆర్గానిక్: కంపెనీ కార్లలో వచ్చేది ఇదే. మెత్తగా పడుతుంది, ట్రాఫిక్‌లో హాయి. వేడి ఎక్కువైతే మాత్రం పైన గాజులా మెరుపు వచ్చి జారిపోతుంది. కెవ్లార్: ఇది కూడా మెత్తనే, ఎక్కువకాలం మన్నుతుంది. కానీ మొదట్లో ఓపిగ్గా సెట్ చేసుకోవాలి, ఒకసారి బాగా మాడ్చారా, మళ్లీ పూర్తిగా కోలుకోదు. సిరామిక్: గుండ్రటి ప్లేటు బదులు 3, 4 లేదా 6 ముక్కలుంటాయి. ఎక్కువ వేడి తట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. హాఫ్ క్లచ్ మీద మాత్రం కుదిపేస్తుంది. ముక్కలు తగ్గేకొద్దీ కుదుపు పెరుగుతుంది. చివరిది సింటర్డ్ ఐరన్, ఇనుప పొడిని అచ్చులో నొక్కి వేడి చేసి చేసేది. అన్నిటికంటే ఎక్కువ వేడి తట్టుకునేది ఇదే. రేసు కార్లలో కావాలని జారనిచ్చే క్లచ్‌లలో వాడతారు. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి సరిపడదు.

మూడో దారి, పెద్ద ప్లేటు. దీంట్లో పెద్దగా చేయగలిగింది లేదు, బెల్ హౌసింగ్‌లో ఎంత పడితే అంతే. పైగా ప్లేటు పెద్దదైతే బరువు పెరిగి, హై ఆర్‌పీఎంలో గేరు మార్చడం కష్టమవుతుంది.

నాలుగో దారి, ఇంకో ప్లేటు పెట్టడం. దీన్నే ట్విన్ డిస్క్ అంటారు. మన లెక్కలో 2 ముఖాలు 4 అయ్యాయి, 540 కాస్తా 1,080 అయింది. నొక్కే బలం పెరగలేదు, పదార్థం మారలేదు. అంటే పెడల్ తేలిక, ఆర్గానిక్ మెత్తదనం, రెట్టింపు పట్టు. ఇంకేం కావాలి? డబ్బు కావాలి. సింగిల్ ప్లేటు కంటే బాగా ఖరీదు. కొన్నిటికి న్యూట్రల్‌లో గలగల చప్పుడు ఉంటుంది, సరిగ్గా అమర్చకపోతే పూర్తిగా విడవదు. అయినా రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి వాడేవాళ్లకి డబ్బు పెట్టాల్సి వస్తే ముందు ఇక్కడే పెట్టమంటాను.

ఆగండాగండి, 1,080 అంటే మళ్లీ గేర్‌బాక్స్ విరుగుతుంది కదా, ఇందాక చెప్పినదానికి ఇది విరుద్ధం కదా అనుకుంటున్నారా? కరెక్టే. అందుకే ట్విన్ డిస్క్ కొనేటప్పుడు తక్కువ నొక్కే బలంతో వచ్చే ప్రెషర్ ప్లేట్ ఉందా అని అడగండి. అదే ట్విన్ డిస్క్‌లో బలం 9,000 బదులు 6,500 న్యూటన్లయితే సామర్థ్యం సుమారు 780. 530 ఇంజన్‌కి అది ధారాళం. పెడల్ ఇంకా తేలిక. గేర్‌బాక్స్ కూడా బతుకుతుంది.

ఎంత ఎక్కువ పెట్టుకోవాలి? నేను పెట్టుకునే లెక్క చెప్తాను. ఇంజన్ అత్యధిక టార్క్ మీద పావు వంతు నుంచి సగం వరకు ఎక్కువ. స్లిక్స్ వేసి గేర్‌బాక్స్ మీద భయం ఉంటే పావు వంతు వైపు, బరువైన కారు, వేడి వాతావరణం అయితే సగం వైపు. వచ్చే ఏడాది టర్బో వేయాలని ఉంటే ఆ టార్క్ కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి. "ఎప్పుడో వేస్తాను" అనేదాన్ని మాత్రం వేసుకోకండి. మావాడు సరిగ్గా అలాగే ఎప్పుడూ రాని 1000 హార్స్‌పవర్‌కి క్లచ్ కొన్నాడు.

ఇంకో జాగ్రత్త. క్లచ్‌కి హార్స్‌పవర్ తెలీదు, దానికి తెలిసింది టార్కే. ప్యాకెట్ మీద హార్స్‌పవర్ అంకె చూసి కొనకండి, టార్క్ ఎంత అని అడగండి. స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అని రాస్తారు చూడండి, దానికి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. ఒకరి స్టేజ్ 2 ఇంకొకరి స్టేజ్ 3 కంటే గట్టిగా ఉండొచ్చు.

ప్లేటు మధ్య భాగం కూడా చూడండి. దాంట్లో చిన్న స్ప్రింగులుంటే స్ప్రంగ్ హబ్. అవి కుదుపుని కొంత మింగేస్తాయి. స్ప్రింగులు లేకపోతే సాలిడ్ హబ్. బరువు తక్కువ, గేరు త్వరగా మారుతుంది. కానీ ప్రతి దెబ్బా గేర్‌బాక్స్ పళ్లకే తగులుతుంది. ప్లేటు రెండు ముఖాల మధ్య అలల్లా వంచిన పల్చటి రేకు కూడా ఉంటుంది, మార్సెల్ అంటారు. క్లచ్ మెల్లగా పట్టుకునేది దానివల్లే. రోడ్డు కారుకి ఈ రెండూ ఉండాల్సిందే.

ఫ్లైవీల్ సంగతి. తేలికదైతే ఇంజన్ చురుగ్గా పరిగెడుతుంది, ఇందాక చెప్పిన బొంగరం దెబ్బ కూడా తగ్గుతుంది. కానీ ట్రాఫిక్‌లో కారు కదిలించాలంటే ఎక్కువ యాక్సిలరేటర్ ఇవ్వాలి, ఇంజన్ ఊరికే ఆగిపోతుంది. బరువైనదైతే కదలడం తేలిక, వేడిని కూడా ఎక్కువ దాచుకోగలదు. బరువైన కారుకి మామూలు బరువు స్టీల్ ఫ్లైవీలే నా ఓటు.

వేడి అన్నాను కదా, అదెంతో చూడండి. 1,700 కిలోల కారు ఫస్ట్ గేర్లో 4,000 ఆర్‌పీఎం దగ్గర బయల్దేరిందనుకుందాం. కారు గంటకి 36 కిలోమీటర్లు అందుకునేదాకా క్లచ్ జారుతూనే ఉంటుంది. ఆలోపు క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 87 కిలోజౌళ్లు. మన బాత్రూమ్‌లో 2 కిలోవాట్ల గీజర్ 43 సెకన్లు వేస్తే వచ్చే వేడి అది. అదంతా సెకను, సెకనున్నరలో అరచేతి మందం కూడా లేని ప్లేటులోకి వెళ్తుంది. అందుకే ఒక రన్ అయ్యాక వెంటనే లైన్లోకి వెళ్లకండి. అరగంట చల్లారనివ్వండి. ఫ్రెండ్స్ రెచ్చగొడతారు, పట్టించుకోకండి.

ఇప్పుడు మెయిన్ ట్రిక్. క్లచ్ మార్చకుండానే లాంచ్ మెత్తగా చేసే దారి ఒకటుంది. పెడల్ పైకి వచ్చే వేగాన్ని తగ్గించే చిన్న డంపర్ దొరుకుతుంది. కాలు ఒక్కసారిగా తీసేసినా పెడల్ చివరి భాగంలో నెమ్మదిగా పైకి వస్తుంది. క్లచ్ 0.1 సెకనులో పట్టేది అర సెకను పైన పడుతుంది. ఇందాక లెక్కలో 628 ఎలా 209 అయిందో గుర్తుందా? అదే ఇది. కొత్త క్లచ్ కంటే చాలా తక్కువ ఖర్చు. పూర్తి రేసు కార్లయితే స్ప్రింగుల బలం, బరువులు మార్చుకునే అడ్జస్టబుల్ స్లిప్పర్ క్లచ్ వాడతారు. అందులో ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బరువులు బయటికి విసురుకుని పట్టు పెంచుతాయి. మొదట జారుతుంది, తర్వాత గట్టిగా పట్టేస్తుంది. చాలా బాగుంటుంది, కానీ తరచూ విప్పి సరిచేసుకోవాలి. సోమవారం ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లకి ఎందుకు చెప్పండి?

మీ క్లచ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఫోన్‌కి కలిపే ఓబీడీ రీడర్ చాలు. లాంచ్‌లో ఆర్‌పీఎం గీత చూడండి. బయల్దేరగానే గీత గోడ మీద నుంచి రాయి పడ్డట్టు కింద పడి, ఇంజన్ ఊపిరాడనట్టు అయిందా? క్లచ్ మరీ గట్టిది, లేదా మీరు మరీ త్వరగా వదిలారు. గీత మెల్లగా కిందికి జారి, సెకను లోపల కారు వేగంతో కలిసిందా? సరిగ్గా ఉంది. రెండో గేరు, మూడో గేరులో కూడా ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు పెరగడం లేదా? క్లచ్ చాలడం లేదు.

ఇక ప్రాణాల సంగతి. నవ్వులు పక్కన పెట్టి వినండి. 13 అంగుళాల ఫ్లైవీల్ 7,000 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు వేగం గంటకి 430 కిలోమీటర్లు దాటుతుంది. అది పగిలితే ముక్కలు బుల్లెట్లే. ఆ పక్కనే ఉండేది మీ పాదాలు. పోత ఇనుము ఫ్లైవీల్‌తో హై ఆర్‌పీఎం లాంచ్‌లు అసలు చేయకండి. ఎస్ఎఫ్ఐ 1.1 లేదా 1.2 ముద్ర ఉన్న స్టీల్ ఫ్లైవీల్, క్లచ్ తీసుకోండి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో 11.49 సెకన్లు, అంతకంటే వేగంగా పావు మైలు చేసే కారుకి ఇది తప్పనిసరి. ఫ్లైవీల్ చుట్టూ కవచంలా ఉండే ఎస్ఎఫ్ఐ 6.1 స్టీల్ బెల్ హౌసింగ్ కూడా ఆ బడ్జెట్‌లోనే పెట్టుకోండి.

ఈ రూల్స్ ఊరికే రాలేదు. డ్రాగ్ రేసింగ్‌లో అందరికంటే పెద్ద పేరు డాన్ గార్లిట్స్. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో బయల్దేరుతుండగానే ఆయన కారు ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పట్లో ఆ కార్లలో ఇంజన్, క్లచ్, గేర్లు డ్రైవర్ ముందు, కాళ్ల మధ్య ఉండేవి. ఆయన కోలుకుని, ఇంజన్ డ్రైవర్ వెనక ఉండేలా కారు కట్టి, 1971లో వింటర్‌నేషనల్స్ గెలిచాడు. తర్వాత ఆ రకం కార్లన్నీ ఇంజన్‌ని వెనక్కే మార్చుకున్నాయి. మన రోడ్డు కార్లలో ఆ భాగాలు ఇప్పటికీ మన పాదాల పక్కనే ఉన్నాయి. గుర్తుపెట్టుకోండి.

ఇంకొక్క మాట, ముఖ్యంగా హైదరాబాద్ తమ్ముళ్లకి. రోడ్డు మీద తిరిగే డ్రాగ్ కారు అంటే రోడ్డు మీద రేసు పెట్టే కారు అని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మీ క్లచ్ పరీక్ష చేస్తే, దాని ఫలితం మీరొక్కరే అనుభవించరు. ట్రాక్ దొరికినప్పుడే చేయండి. దొరక్కపోతే ఆగండి.

బిగించాక ఏం చేయాలి? ఫ్లైవీల్ ముఖం తప్పకుండా మెషిన్ చేయించండి, లేదా కొత్తది వేయండి. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కూడా అప్పుడే మార్చండి. వాటి కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించితే కూలీ రెండుసార్లు. తర్వాత 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు, ఊళ్లో ఆగుతూ కదులుతూ మామూలుగా నడపండి. హైవే మైళ్లు లెక్కలోకి రావు, ఎందుకంటే హైవే మీద క్లచ్ వాడేదే లేదు. కొత్త క్లచ్‌ని బిగించిన రోజే ట్రాక్‌కి తీసుకెళ్తే సగం జీవితం ఆ రోజే అయిపోతుంది.

మరి మా రూమ్మేట్ ఇప్పుడేం వాడుతున్నాడు? ఆర్గానిక్ ట్విన్ డిస్క్, స్ప్రంగ్ హబ్, తక్కువ బలం ప్రెషర్ ప్లేట్, స్టీల్ ఫ్లైవీల్, పెడల్‌కి డంపర్. పాత క్లచ్‌తో గేర్‌బాక్స్ విరగ్గొట్టుకున్నవాడు, కాగితం మీద దాని కంటే చిన్న అంకె ఉన్న క్లచ్‌తో 11.8 సెకన్లు చేశాడు. అదే రాత్రి అదే కారులో ఇంటికి నడుపుకుంటూ వచ్చాం. పోయిన నెల వాళ్ల అమ్మగారు ఇండియా నుంచి వస్తే ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ కారులోనే తీసుకొచ్చాడు. ఆవిడ "కారు బాగా చప్పుడు చేస్తోంది రా" అన్నారు. "కుదుపుతోంది" అనలేదు. మా క్లచ్‌కి అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

కాబట్టి కొనేముందు ఒక కాగితం తీసుకుని అయిదు ప్రశ్నలకి జవాబు రాయండి. నా ఇంజన్ టార్క్ ఎంత? కారు బరువెంత? ట్రాక్ మీద ఏ టైర్లు వేస్తాను? నా గేర్‌బాక్స్, యాక్సిల్ ఎంత తట్టుకుంటాయి? నెలలో ఎన్ని రోజులు ట్రాఫిక్‌లో, ఎన్ని రోజులు ట్రాక్ మీద? చివరిదానికి నిజాయితీగా రాయండి. 28 రోజులు ట్రాఫిక్‌లో తిరిగే కారుకి 2 రోజుల కోసం క్లచ్ కొంటే, మిగతా 28 రోజులూ కాలు తిడుతుంది. ఆ కాగితం పట్టుకుని షాపుకి వెళ్లండి. అమ్మేవాడు అడగకపోయినా మీరే చదివి వినిపించండి. అది వినకుండా "ఇది వేసుకో, అన్నిటికీ పనికొస్తుంది" అన్నాడంటే, ఇంకో షాపు చూసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో యాక్సిళ్ల గురించి, గేర్ రేషియోల గురించి మాట్లాడుకుందాం. మీ కారు లెక్క రాసి పంపండి, రెండు మూడు తీసుకుని అందరి ముందూ కలిసి వేద్దాం. జాగ్రత్తగా నడపండి, ఉంటాను మరి.